నర్సుల పింఛను: దయ నుండి ఒడంబడికకు

అర్ధరాత్రి దాటిన పిమ్మట ఆసుపత్రిలో మేలుకొని యుండువారు ఇద్దరే. ఒకరు నొప్పిచేత నిద్రపట్టని రోగి, రెండవవారు ఆ రోగి నాడి చూచు నర్సు. రోగి కోలుకొని ఇంటికి పోవును. నర్సు మరునాటి రాత్రి మరల అదే మంచము చెంతకు వచ్చును. ఆ మంచముపై వేరొక రోగి యుండును. ఇట్లు ముప్పదియేండ్లు రాత్రులను పగళ్లుగా చేసికొన్న యామెకు మోకాళ్లు పట్టుదప్పి, నడుము వంగి, చేతిలోని మందుల పళ్లెమే బరువైననాడు ఆమెను చూచువారెవరు?

ఈ ప్రశ్నకు లోకము మూడు సమాధానములు చెప్పినది. దయగల దాతలు చూతురన్నది మొదటిది. ఆమెయే జాగ్రత్తపడి కూడబెట్టుకొనవలెనన్నది రెండవది. ఆమె యెవరికొరకు పనిచేసినదో ఆ ఆసుపత్రియే ఒడంబడిక ప్రకారము చెల్లింపవలెనన్నది మూడవది. మొదటి రెండింటినుండి మూడవదానికి వచ్చుటకు నర్సులు నడచిన దారి పొడవైనది. ఆ దారిని నేడు కొంత దూరము మనము కలిసి నడచి చూతము.

ఈ కథకు ముఖ్యమైన రంగస్థలము అమెరికా సంయుక్తరాష్ట్రములు. కారణము స్పష్టమే. ప్రభుత్వము నడుపు ఆసుపత్రులలో నర్సు సర్కారు ఉద్యోగి. ఆమె పింఛనును సర్కారు నిబంధనలే నిర్ణయించును. అమెరికాలోనో పెక్కు ఆసుపత్రులను ధర్మసంస్థలును, మతసంస్థలును, లాభాపేక్షలేని సంఘములును నడుపుచున్నవి. కనుక అక్కడ పింఛను ఒక్కొక్క ఆసుపత్రిలో ఒక్కొక్క తీరుగా నుండును. దాని నిర్ణయము పెక్కుచోట్ల బల్లకిరుప్రక్కల కూర్చుండి చేసిన బేరముమీద ఆధారపడియుండును.

అయితే కథకు తొలి అధ్యాయము ఇంగ్లండులో జరిగినది. లండనులో హెన్రీ బర్డెట్ అను నతడు ఆసుపత్రుల నిర్వహణలో అనుభవము గడించి, పిదప స్టాకు ఎక్స్ఛేంజిలో ఉద్యోగిగా నుండెను. రోగశయ్యలను, లెక్కల పుస్తకములను రెండింటిని ఎరిగినవాడు. అతడు 1887 వ సంవత్సరమున నర్సుల కొరకు జాతీయ పింఛను నిధిని నెలకొల్పెను. జూనియస్ మోర్గాన్ మొదలగు ధనికులు మూలధనమునకు సాయపడిరి. నర్సు తన జీతమునుండి కొంత కట్టవలెను. దాతల సొమ్ము దానికి కొంత తోడగును. మరుసటి యేట, 1888 లో, వేల్సు యువరాణి అలెగ్జాండ్రా చేరిన నర్సులను తన సౌధమునకు పిలిపించి స్వయముగా పత్రము లందజేసెను.

ఆ నిధి చేసిన మేలును తక్కువచేయుట న్యాయము కాదు. అది లేనిచో ఎందరో వృద్ధ నర్సులకు అనాథశరణాలయమే గతియై యుండెడిది. కాని యందొక లోపము కలదు. పనిచేయించుకొన్న ఆసుపత్రి చేయవలసిన బాధ్యత యేమో అందు స్పష్టముగా లేదు. స్వల్పమైన జీతమునుండి నర్సే కూడబెట్టవలెను, చాలనిచో దాత కరుణింపవలెను. ఆ కరుణ యెంత పెద్దదైనను ఆమె దానిని నాది యని అడిగి పుచ్చుకొనలేదు.

ఇక అమెరికాకు వత్తము. 1920 ప్రాంతమున అక్కడ శిక్షణ ముగించిన నర్సులలో అధికసంఖ్యాకులు ఆసుపత్రులలో పనిచేయువారు కారు. ఆసుపత్రి చాకిరి చాలవరకు శిక్షణలోనున్న విద్యార్థినులే చేసెడివారు. ఉత్తీర్ణురాలైన నర్సు ఇల్లిల్లు తిరిగి, జబ్బుపడినవారి చెంత కొన్ని దినములో వారములో ఉండి, కూలి పుచ్చుకొని, మరియొక పిలుపు కొరకు ఎదురుచూచెడిది. ఆమెకు యజమాని స్థిరముగా లేడు. కనుక పింఛను అడుగుటకు మనిషియే లేడు.

1929 తరువాత వచ్చిన ఆర్థికమాంద్యము ఈ ఏర్పాటును తారుమారు చేసెను. ఇండ్లలో నర్సును పెట్టుకొనగల కుటుంబములు తగ్గిపోయినవి. నర్సులు ఆసుపత్రుల వాకిళ్లకు చేరిరి. ఆసుపత్రులును క్రమముగా విద్యార్థినుల స్థానమున వారిని నియమించుకొనసాగినవి. ఇట్లు నర్సుకు మొదటిసారిగా స్థిరమైన యజమాని దొరికెను. కాని ఆ యజమాని “మాది ధర్మసంస్థ, ఇక్కడ సేవయే గాని వ్యాపారము లేదు” అని చెప్పుకొనువాడు.

ఆ మాటకు శాసనసభలోను బలము కలిగెను. 1935 లో అమెరికా ప్రభుత్వము సాంఘిక భద్రతా శాసనమును చేసినది. వృద్ధాప్యమున నెలనెల భృతి నిచ్చు ఆ శాసనము పొలముల కూలీలను, ఇండ్లలో పనిచేయు సేవకులను, వారితోపాటు ధర్మసంస్థల ఉద్యోగులను బయటనే నిలిపివేసెను. మోటారు కార్ఖానాలో మరలు బిగించు కార్మికునకు ముసలితనమున భృతి కలదు. అతని చేయి యంత్రములో నలిగినపుడు కట్టుకట్టిన ధర్మాసుపత్రి నర్సుకు లేదు. ఈ విచిత్రము 1951 వరకు సాగెను. 1950 లో చేసిన సవరణ వలన ఆసుపత్రి ఒప్పుకొని, ఉద్యోగులలో మూడింట రెండువంతులమంది సమ్మతించినచో, ఆ ఉద్యోగులు 1951 నుండి చేరవచ్చునని యేర్పడినది. తప్పనిసరిగా అందరు చేరవలెనన్న నియమము 1983 నాటి సవరణతో గాని రాలేదు; అది 1984 జనవరి నుండి అమలుజరిగెను.

సర్కారు తలుపు ఇట్లు మూసియుండగా నర్సులు వేరొక తలుపు తట్టిరి. అమెరికా నర్సుల సంఘము 1896 నాటిది. చిరకాలము అది చదువు ప్రమాణములను గూర్చియు, వృత్తి గౌరవమును గూర్చియు పాటుపడెను గాని జీతముల మాట యెత్తుటకు సంకోచించెను. బేరమాడుట కార్ఖానా కూలీల పని, మనవంటివారికి తగదు అని పెద్దలు తలచిరి. ఈ సంకోచమును మొదట విడిచినది కాలిఫోర్నియా రాష్ట్రసంఘము. అక్కడ షర్లీ టైటస్ అను విదుషీమణి 1940 లలో ఆ సంఘమునకు కార్యనిర్వాహకురాలై, ఆసుపత్రులతో నర్సుల పక్షమున సంఘమే కూర్చుండి మాటాడవలెనని పట్టుపట్టెను. ఆకలితోనున్న నర్సు రోగికి మంచి సేవ చేయజాలదు గనుక జీతము నడుగుట రోగి మేలునకు విరుద్ధము కాదని యామె వాదము. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు ఆసుపత్రులతో ఒడంబడికలు కుదిరినవి. 1946 లో అట్లాంటిక్ సిటీలో జరిగిన మహాసభలో జాతీయసంఘము సైతము ఈ మార్గమును తన కార్యక్రమముగా స్వీకరించెను.

ఒక యేడు తిరుగకముందే అడ్డుగోడ లేచినది. 1947 లో చేసిన టాఫ్ట్-హార్ట్లీ శాసనము లాభాపేక్షలేని ఆసుపత్రులను కార్మికశాసనమునుండి మినహాయించెను. నర్సుల సంఘముతో మాటాడి తీరవలెనన్న నిర్బంధము ఆ ఆసుపత్రులకు లేకపోయెను. మాటాడిన మాటాడవచ్చును, తలుపు వేసికొన్న వేసికొనవచ్చును. మరి నర్సుల చేతిలోని ఆయుధమో? 1950 లో వారి జాతీయసంఘము తన ప్రతిజ్ఞగా సమ్మె చేయబోమని తీర్మానించుకొనెను. రోగిని విడిచి పోరాదన్నది వారి ధర్మము.

ఈ రెండును చేరి యేర్పరచిన స్థితిని శ్రోతలు ఒక్క క్షణము ఊహింపవలెను. ఒక ప్రక్క వినవలసిన విధి లేని యజమాని. మరియొక ప్రక్క పని మానబోనని ముందే మాటయిచ్చిన ఉద్యోగిని. అట్టి బేరమున ఏమి లభించును? ఎదుటివాని మంచితనము ఎంతయో అంతయే లభించును. పేరునకు ఒడంబడికయైనను అది మరల దయయే.

సరిగా ఆ కాలముననే ఇతర పరిశ్రమలలో పింఛనుకు క్రొత్త అర్థము కలిగెను. ఇన్లాండ్ స్టీలు అను ఉక్కు కంపెనీ 65 యేండ్లకు ఉద్యోగవిరమణ చేయించు నియమమును, పింఛను పద్ధతిని తన యిచ్చవచ్చినట్లు నిర్ణయించుకొనగా, కార్మికసంఘము వ్యాజ్యమునకు పోయెను. 1948 లో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానము సంఘము పక్షమున తీర్పు చెప్పెను. పింఛను యజమాని యిచ్చు బహుమానము కాదు. ఉద్యోగపు ప్రతిఫలములో నొక భాగము. కనుక దానిని గూర్చి సంఘముతో బేరమాడక తప్పదు అన్నది ఆ తీర్పు సారాంశము. నేడు చేసిన పనికి కొంత జీతము నేడే ముట్టును, కొంత ముసలితనమున ముట్టును. ఈ సూత్రము ఉక్కు కార్మికునకు 1948 లో దక్కినది. ధర్మాసుపత్రి నర్సుకు అది దేశవ్యాప్తముగా దక్కుటకు ఇంకను ఇరువదియారేండ్లు పట్టెను.

ఆ నడుమ నర్సుల ఓర్పు సన్నగిల్లెను. సమ్మె చేయబోమన్న మాట తప్పక, 1966 లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు నర్సులు రమారమి రెండువేలమంది ఒక్కసారిగా రాజీనామా పత్రములు సమర్పించిరి. రాజీనామా సమ్మె కాదుగదా! ఆసుపత్రులు ఉలికిపడినవి, జీతములు పెరిగినవి. 1968 లో జాతీయసంఘము సమ్మె నిషేధ తీర్మానమును రద్దుచేసికొనెను. సమ్మె చేయవలెనన్న ఉత్సాహముచేత గాదు, చేయజాలరని యెరిగిన యజమాని వినడని తెలిసివచ్చుటచేత.

1974 వ సంవత్సరము ఈ చరిత్రలో మైలురాయి. జూలై నెలలో కాంగ్రెసు చేసిన సవరణ వలన లాభాపేక్షలేని ఆసుపత్రులును కార్మికశాసనము క్రిందికి వచ్చినవి. అయితే రోగుల క్షేమమునకై ప్రత్యేక నియమములు చేర్చిరి. ఆసుపత్రిలో సమ్మె చేయదలచిన సంఘము పదిదినములు ముందుగా వ్రాతమూలకమైన నోటీసు ఇయ్యవలెను. ప్రభుత్వ మధ్యవర్తుల యెదుట ఉభయులు కూర్చుండవలెను. ఆ పదిదినములలో ఆసుపత్రి రోగులను వేరొకచోటికి పంపుకొనవచ్చును, క్రొత్త రోగులను తగ్గించుకొనవచ్చును. రోగిని విడువరాదన్న ధర్మమునకును, బేరమాడు హక్కునకును ఇట్లు శాసనము ఒక సంధి కుదిర్చెను.

అదే సంవత్సరము సెప్టెంబరులో పింఛను రక్షణ శాసనము వచ్చెను. దాని వెనుక ఒక కన్నీటి కథ కలదు. 1963 లో స్టూడిబేకర్ మోటారు కంపెనీ సౌత్‌బెండ్ నగరములోని కార్ఖానాను మూసివేయగా, పింఛను నిధిలో సొమ్ము చాలక వేలకొలది కార్మికులు ఆశించినది పోగొట్టుకొనిరి. అట్టిది మరల జరుగకుండ, యజమానులు నిధిలో ముందుగానే సొమ్ము నిలువచేయవలెననియు, నిధి కూలినచో భీమాసంస్థ కొంత ఆదుకొనవలెననియు శాసనము విధించెను.

ఇన్ని యేళ్లు పనిచేసినవారికి పింఛను హక్కు పోరాదన్న నియమము నర్సులకు మరింత ముఖ్యము. స్త్రీల ఉద్యోగజీవితము సూటిగా సాగునది కాదు. పెండ్లికి, కాన్పునకు, అత్తమామల జబ్బునకు ఉద్యోగము మానుట, మరల చేరుట, భర్త బదిలీతో ఊరు మారుట కలదు. పదునైదు ఇరువదియేండ్లు వరుసగా పనిచేసినగాని పింఛను లేదన్నచో అది పురుషునకు కష్టము, స్త్రీకి గగనకుసుమము. 1974 శాసనము పదియేండ్ల సేవకు హక్కు స్థిరపడు మార్గమును చూపెను. 1986 లో చేసిన మార్పుతో అది సామాన్యముగా అయిదేండ్లకు దిగెను. ప్రసవసెలవు వలన లోగడ సేవ కొట్టుపడరాదని 1984 లో మరియొక శాసనము చెప్పెను.

స్త్రీలు ఎక్కువకాలము జీవింతురు గనుక వారు పింఛను నిధికి ఎక్కువ చెల్లింపవలెనన్న వాదము కూడ ఉండెను! లాస్ ఏంజెలెస్ నగర విద్యుత్తు, నీటి సరఫరా శాఖలో స్త్రీలనుండి పురుషులకన్న సుమారు నూటికి 15 వంతులు అధికముగా వసూలు చేసెడివారు. 1978 లో సుప్రీముకోర్టు అది చెల్లదనెను. ఆ వ్యాజ్యము నర్సులది కాకపోయినను, ఉద్యోగులలో అత్యధికులు స్త్రీలైన వృత్తికి ఆ తీర్పు కొండంత అండ.

హక్కులు ఇట్లు గట్టిపడుచుండగా పింఛను స్వరూపమే మారనారంభించెను. పాత పద్ధతిలో పింఛను ఒక లెక్కప్రకారము వచ్చును. ఉదాహరణకు, ఏటికి జీతములో నూటికి ఒకటిన్నర వంతు చొప్పున నిర్ణయమైనదనుకొందము. ముప్పదియేండ్లు చేసిన నర్సుకు జీతములో నూటికి 45 వంతులు బ్రతికినంతకాలము ముట్టును. బజారు పడినను లేచినను ఆ పూచీ ఆసుపత్రిది. క్రొత్త పద్ధతిలో ఆసుపత్రి ప్రతినెల కొంత సొమ్ము ఆమె ఖాతాలో వేయును. ఆమెయు కొంత వేయును. ఆ సొమ్ము వాటాలలో, పత్రములలో పెట్టుబడియగును. చివరకు ఎంత మిగులునో అంతయే. 1978 నాటి ఆదాయపు పన్ను శాసనమందలి ఒక సెక్షను ఈ పద్ధతికి దారితీసెను. 1980 ల నుండి అది దేశమంతట వ్యాపించెను. మొదటిదానిలో నష్టభయము యజమానిది, రెండవదానిలో ఉద్యోగినిది. ఇటీవలి బేరములలో తగవంతయు ఈ భయము ఎవరి నెత్తిన ఉండవలెనన్నదే.

అందుకు 2010 లో మిన్నెసోటా రాష్ట్రమున జరిగినది చక్కని నిదర్శనము. 2008 లో వాటాల బజారు కూలుటచే పింఛను నిధులు తరిగిపోయినవి. మినియాపోలిస్, సెయింట్ పాల్ జంటనగరములలోని 14 ఆసుపత్రులు, నిధులను పూడ్చు భారము మోయలేమనియు, ముందు సంవత్సరములకు పింఛను తగ్గింపవలెననియు ప్రతిపాదించినవి. ఆ మాటలో నిజము లేకపోలేదు. నిధికి పోవు ప్రతి డాలరు మంచముల కొరకో మందుల కొరకో ఉద్దేశించినదే కదా యని వారి వాదము. నర్సులు రెండు కోరికలతో వచ్చిరి. పింఛను ముట్టరాదన్నది ఒకటి. ఒక్కొక్క నర్సుకు ఇంతమంది రోగులకు మించరాదని ఒడంబడికలో వ్రాయవలెనన్నది రెండవది.

జూన్ 10 వ తేదీన రమారమి 12,000 మంది నర్సులు ఒక్కదినము సమ్మె చేసిరి. పదిదినముల నోటీసు ముందే యిచ్చియుండుటచేత ఆసుపత్రులు బయటనుండి నర్సులను రప్పించుకొని పనిజరుపుకొన్నవి. పిమ్మట జూలై 6 నుండి నిరవధికముగా సమ్మె చేయుటకు సంఘము నిశ్చయించెను. ఆ గడువునకు కొలదిదినముల ముందు రాజీ కుదిరెను. పింఛను ఉన్నది ఉన్నట్లే నిలిచెను. జీతము మొదటియేట పెరుగదు. రెండవయేట నూటికి 1, మూడవయేట నూటికి 2 వంతులు పెరుగును. రోగుల సంఖ్యకు హద్దు మాత్రము ఒడంబడికకు ఎక్కలేదు.

ఈ ముగింపును మేము పలుమారులు తలపోసితిమి. విజయమన్నచో సగము, ఓటమియన్నచో సగము. నర్సులు తమ వార్ధక్యమును కాపాడుకొనిరి. రోగుల కొరకు కోరినదానిని వదలుకొనవలసి వచ్చినది. దీనిని చూచి స్వార్థమని కొందరనవచ్చును. కాని ఆ రెండింటిని ఒకే త్రాసులో పెట్టి, ఒకటి పుచ్చుకొని ఒకటి విడువుమని చెప్పిన బేరమును గూర్చియు ఆలోచింపవలెను. వార్ధక్యమునకు భరోసా లేని నర్సు వేరొక ఉద్యోగము చూచుకొని పోవును. అనుభవముగల నర్సు పోయిన వార్డులో నష్టపడువాడు రోగియే. ఆ దృష్టితో చూచినచో పింఛనుకూడ రోగి సేవలో నొక భాగమే.

ఆసుపత్రులన్నిటికి 1974 నాటి రక్షణ వర్తించుటయు లేదు. మతసంస్థల పింఛను నిధులకు ఆ శాసనమున మినహాయింపు కలదు. మతసంస్థలకు అనుబంధమైన ఆసుపత్రుల నిధులకును ఆ మినహాయింపు చెల్లునని 2017 జూనులో సుప్రీముకోర్టు ఏకగ్రీవముగా నిర్ణయించెను. అట్టి ఆసుపత్రిలో పనిచేయు నర్సుకు నిధి నిండియున్నదా, వెలితిగా నున్నదా యన్న చింత తప్పదు. శాసనము చేయి విడిచినచోట ఒడంబడికలోని వాక్యమే ఆమెకు ఊత.

ఈ కథ సముద్రముల కావలిది యని మనము ఊరకుండుటకు వీలులేదు. ఆంధ్రప్రదేశమున 2004 సెప్టెంబరు 1 వ తేదీనుండి ప్రభుత్వోద్యోగమున క్రొత్తగా చేరినవారికి పాత పింఛనుకు బదులు చందా పింఛను పద్ధతి వచ్చినది. సర్కారు ఆసుపత్రులలోని నర్సులును అందులోనివారే. ఉద్యోగి తన మూలవేతనములోను కరువుభత్యములోను నూటికి 10 వంతులు కట్టగా, ప్రభుత్వము అంతయే కలిపెడిది. ఆ సొమ్ము పెట్టుబడిగా పోయెడిది. ఒకే వార్డులో, ఒకే పనిచేయుచు, 2004 కు ముందు చేరిన అక్కకు ఒక తీరు వార్ధక్యము, తరువాత చేరిన చెల్లెలికి మరియొక తీరు వార్ధక్యము! అమెరికాలో బల్లచుట్టు జరిగిన వాదమే ఇక్కడ ఉత్తరువు రూపమున వచ్చినది.

కావున మీ యింటి యాడుబిడ్డ నర్సుగా చేరబోవునపుడు జీతమెంత యని మాత్రమే అడుగకుడు. నియామకపత్రమును పూర్తిగా చదువుడు. ఉద్యోగవిరమణ తరువాత ముట్టునది లెక్కప్రకారము నిర్ణయమైన పింఛనా, ఖాతాలో మిగిలిన సొమ్మా? ఎన్నియేండ్ల సేవకు హక్కు స్థిరపడును? నడుమ మానివేసినచో ఏమి మిగులును? ఈ మూడు ప్రశ్నలను ఆమె ఇరువదియేండ్ల వయస్సున అడుగవలెను. అరువదియేండ్లకు అడిగిన ప్రయోజనము లేదు. 1888 లో యువరాణి చేతినుండి పత్రము పుచ్చుకొనుట గౌరవముగా తోచియుండవచ్చును. నేటి నర్సుకు కావలసినది తాను చదివి, అడిగి, తన సంఘముతో కలిసి ఒప్పుకొని చేవ్రాలు చేసిన పత్రము.